ఆరు వాట్ల లాంపు

1 జూన్, శనివారం

పెట్టె వచ్చింది. ఇందులో ఏముంది అని పోస్టాఫీసులో కౌంటర్ అమ్మాయి అడిగింది. గోళ్ళు అన్నాను. తనూ నవ్వింది, నేనూ నవ్వాను.

ఇంటికొచ్చి బల్ల మీద అన్నీ పరిచాను. ఇరవై నాలుగు రంగుల జెల్ సీసాలు, బేస్ కోటు, టాప్ కోటు. గోరు అరగదీసే ఫైళ్ళు, నునుపు చేసే బఫర్. గోరు మొదట్లో చర్మాన్ని వెనక్కి నెట్టే ఇనప పుల్ల. చుక్కలు పెట్టే కడ్డీలు అయిదు సైజుల్లో. వెంట్రుకంత సన్నని బ్రష్షులు మూడు. వాటికోసమే అసలు ఈ పెట్టె కొన్నాను. ప్రాక్టీసు చేసుకోవడానికి ఒక రబ్బరు చెయ్యి కూడా ఉంది. మా ఆయన అపిసాయి దానికి షేక్ హ్యాండ్ ఇచ్చి, బులా మేడమ్, మీ ఆయన ఊళ్ళో లేడా అని అడిగాడు. బస్సు నడిపేటప్పుడు పెదవి విప్పని మనిషి. ఆ మాటలన్నీ దాచుకొచ్చి ఇంట్లో ఒంపుతాడు.

జెల్‌ని గట్టిపరిచే లాంపు మాత్రం లేదు. లాంపుతో కలిపి కొంటే ధర రెట్టింపు. వలెలెవు బజారులో ఎక్కడైనా దొరక్కపోదు.

8 జూన్, శనివారం

లాంపు దొరికింది. కంప్యూటర్ మౌస్ అంత ఉంది. చెయ్యి మొత్తం పట్టదు. నాలుగు వేళ్ళు ఒకసారి, బొటనవేలు ఇంకోసారి పెట్టాలి. నలభై ఎనిమిది వాట్ల లాంపు కింద ఒక నిమిషం అని జెల్ సీసా మీద ఉంది. నాది ఆరు వాట్లు. మూడు నిమిషాలు పెడితే సరిపోతుందిలే. వేలితో నొక్కి చూశాను. గట్టిగానే ఉంది.

మొన్న గురువారం మా పళ్ళ క్లినిక్‌లో కొత్త అసిస్టెంటుకి డాక్టర్ షరీన్ తలంటింది. ఫిల్లింగు మీద నీలం లైటు సగం సేపే పట్టుకుందట. పైన రాయి, లోపల గంజి, అలాంటి ఫిల్లింగు వెయ్యడం కంటే వెయ్యకపోవడం నయం అంది. పదకొండేళ్ళుగా ఆవిడ పక్కన నిలబడి వింటున్న పాఠం. నాకు కంఠతా వచ్చు. అది పళ్ళ సంగతి. గోళ్ళకేముంది.

15 జూన్, శనివారం

కుదిరింది!

పాల రంగు జెల్ వేసి, దాని మీద సన్న బ్రష్షుతో నలుపూ ఇటుక రంగూ కలిపి మాసి అనే మా బెరడు బట్ట మీది అచ్చులు వేశాను. త్రికోణాలు, చుక్కలు, అంచున పళ్ళ వరస. గోరంత జాగాలో. ఎడమ చేతికి రెండున్నర గంటలు పట్టింది. మెడ పట్టేసింది. చూసుకుంటే మాత్రం కళ్ళు తిప్పుకోబుద్ధి కాలేదు.

కెలెరా వచ్చి చూసి కేక పెట్టింది. కెలెరా అంటే మా లోసాలిని వదిన కూతురు, నా మేనకోడలు. డెంటల్ థెరపీ మూడో ఏడు. ఆ కాలేజీకి చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి ఫారం నింపించింది నేనే. సెలవుల్లో మా క్లినిక్‌కి వచ్చి నిలబడేది. ఈ పిల్ల వేళ్ళకి తొందర లేదు, అదొక వరం, నేర్పితే రాదు అంది ఒకసారి డాక్టర్ షరీన్. ఆ మాట ఆ పిల్లకంటే నాకే ఎక్కువ నచ్చింది.

లాంపు చిన్నదిగా ఉందే అత్తా అంది కెలెరా. మూడు నిమిషాలు పెడితే చాలు అన్నాను. సరే అంది. నేను చెప్పాక ఆ పిల్ల ఇంకో మాట అడగదు.

6 జూలై, శనివారం

ఇవాళ ముగ్గురు. ఈ నెల రోజుల్లో పదహారు మంది. ఎవరూ ఊరికే రారు. ఒకరు చేప, ఒకరు చేమాకు కూర, ఒకరు చేమదుంపలు. నీకిక తోట అక్కర్లేదు అంటున్నాడు అపిసాయి.

లాంపు కింద నుంచి తీశాక గోరు మీద జిగురు పొర ఒకటి మిగులుతుంది. ఆల్కహాల్ వైప్‌తో తుడవాలి. వైప్స్ అయిపోయాయి. వేలి కొసతో తుడిచేస్తున్నాను. ఏమీ కాలేదు.

9 జూలై, మంగళవారం

కుడి బొటనవేలు, చూపుడు వేలు కొసలు దురద. గిన్నెల సబ్బు మార్చాలి.

21 జూలై, ఆదివారం

సబ్బు మార్చి పది రోజులు దాటింది. దురద పోలేదు. బొటనవేలి కొస పగిలింది. చర్చిలో పాటల పుస్తకం పేజీ తిప్పుతుంటే చురుక్కుమంది. ఎవరికీ చెప్పలేదు. చెబితే ఎవరూ చెయ్యి ఇవ్వరు.

27 జూలై, శనివారం, సాయంత్రం

పెట్టె పోయింది. నేనే ఇచ్చాను.

లోసా వదిన పొద్దున్నే నౌసోరి నుంచి వచ్చింది. రెండు కట్టల చేమాకు, అంతకు రెండింతల నోరు. గుమ్మంలోనే మొదలుపెట్టింది. ఏమే మరదలా, పగలు పళ్ళు పీకుతావు, సాయంత్రం గోళ్ళు గీకుతావు, ఇక జుట్టొక్కటే మిగిలింది, అదీ ఎప్పుడు మొదలెడతావు అంది. ముందు నీ నోటికి ఫిల్లింగు వేస్తాను, రా, కూర్చో అన్నాను. అంత పెద్ద నోటికి మీ క్లినిక్‌లో సిమెంటు చాలదే అంది. మా ఇద్దరికీ మాట అంటే ఇదే. ఆమె మా మేనత్త కూతురు. పుట్టినప్పటి నుంచి ఒకరినొకరం ఏడిపించుకోవడమే తప్ప సూటిగా ఒక్క మాట అనుకుని ఎరగం.

టీ తాగాక అసలు సంగతి చెప్పింది. వచ్చే నెల ఇరవై నాలుగున వాళ్ళ ఊరి చర్చికి నూరేళ్ళు. పద్నాలుగు మంది ఆడవాళ్ళు వరసగా కూర్చుని మెకె నాట్యం చేస్తున్నారు. కూర్చుని చేసే మెకె అంటే అంతా చేతుల్లోనే ఉంటుంది. పద్నాలుగు జతల చేతులకీ ఒకే మాసి గోళ్ళు ఉండాలని వదిన పట్టు. నేను వచ్చి వేస్తానన్నాను. వద్దు, నీకు డ్యూటీలుంటాయి, కెలెరా వేస్తుంది, ఇప్పటి నుంచే మా అందరి మీదా ప్రాక్టీసు చేస్తుంది అంది. అని పెట్టె మీద చెయ్యి వేసింది. ఇది నాకు కావాలి అంది.

అంతే. మా నాన్న చెల్లెలి బిడ్డ మా ఇంట్లో వస్తువు మీద చెయ్యి వేసి అడిగిందంటే అది ఆమెదే. మా నాన్న ఉన్నా అంతే, లేకపోయినా అంతే.

రెండు మాటలు చెప్పాల్సింది. లాంపు చిన్నది. నా వేలు పగిలింది. నాలుక చివరిదాకా వచ్చాయి. చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో ఇక్కడైనా రాసుకోవాలి.

నాకు ఆరేళ్ళప్పుడు మేనత్త ఒక చావు కార్యానికి పంది కావాలని అడగడానికి వచ్చింది. మా అమ్మకి ఇవ్వడం ఇష్టం లేదు. పందికి జ్వరం వదినా అంది. ఆ పక్కనే మా పంది కొబ్బరి పిప్పి బొక్కుతూ తోక ఊపుతోంది. నాన్న తాడు విప్పి అత్త చేతికిచ్చాడు. ముప్ఫై మూడేళ్ళయింది. అమ్మ పోయి తొమ్మిదేళ్ళయింది. ఇప్పటికీ రెండు ఊళ్ళలోనూ ఎవరైనా వంక చెబితే చాలు, ఏం, మీ పందికీ జ్వరమా అంటారు. అమ్మ అంత్యక్రియల రోజున కూడా ఎవరో అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

అందుకే చెప్పలేదు. పెట్టెని లాంపుతో సహా, నడుముకి కట్టే మంచి సులూ గుడ్డలో చుట్టి ఇచ్చాను. బొటనవేలు గుప్పిట్లో దాచుకున్నాను.

1 ఆగస్టు, గురువారం

దొరికిపోయాను.

క్లినిక్‌లో ట్రే అందిస్తుంటే గ్లవ్ లోపల తడి తగిలి నా మొహం ముడుచుకుంది. డాక్టర్ షరీన్ చూసింది. పేషెంటు వెళ్ళాక గ్లవ్స్ తియ్యి అంది. తీశాను. మూడు వేళ్ళ కొసలు బొబ్బలు. నా మొహం వంక చూసి, ఇంట్లో జెల్ గోళ్ళు వేస్తున్నావా అని అడిగింది. ఎలా తెలిసింది అన్నాను. ఈ ఏడు ఇది నాలుగో చెయ్యి అంది.

పొడి పొడిగా చెప్పింది. జెల్ పూర్తిగా గట్టిపడకపోతే మిగిలిన పచ్చి మందు చర్మంలోకి దిగుతుంది. కొందరికి ఏమీ కాదు. కొందరికి ఒంట్లో దాని మీద పగ పుడుతుంది, అలర్జీ. పుడితే ఇక జన్మంతా. మనం పళ్ళలో పెట్టే ఫిల్లింగు మందు ఆ జెల్‌కి తోబుట్టువే. దాన్ని ముట్టుకుంటే ఇదే అవుతుంది. గ్లవ్స్ ఉన్నాయిగా అన్నాను. ఈ మందుకి గ్లవ్స్ జల్లెడ లాంటివి, నిమిషాల్లో దిగిపోతుంది అంది. ఏ లాంపు వాడావు అంది. చెప్పాను. నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. పైన రాయి, లోపల గంజి, ఇన్నేళ్ళూ నా పక్కనే ఉన్నావు కదా ఉనైసీ అంది.

రేపటి నుంచి ముందు డెస్కు. పేర్లు రాసుకోవడం, ఫోన్లు ఎత్తడం. ఆసుపత్రి చర్మం డాక్టర్‌కి చీటీ రాసిచ్చింది. నాకు ముప్ఫై తొమ్మిది. డెస్కు దగ్గర కూర్చుంటాను, పోనీ.

కెలెరాకి ఇరవై ఒకటి. ఆ పిల్లకి ఈ పగ పుడితే ఇక ఏ నోట్లోనూ ఫిల్లింగు వెయ్యలేదు. మూడేళ్ళ చదువు, ఆ తొందరలేని వేళ్ళు, అన్నీ గోవిందా. ఈ పూట ఆ పెట్టె ఆ పిల్ల మంచం మీద ఉంది. పెట్టె ఎవరికిచ్చానో డాక్టర్‌కి చెప్పలేకపోయాను.

1 ఆగస్టు, మధ్యాహ్నం 1:20

వదినకి ఫోన్ చేశాను. అంతా చెప్పాను. చివరిదాకా విని, పందికి జ్వరమొచ్చిందా అంది.

కాదు వదినా, నిజంగా అన్నాను. పడీ పడీ నవ్వింది. మీ అమ్మే నయమే, ఇవ్వకముందు అంది, నువ్వు ఇచ్చాక అంటున్నావు, జ్వరం అయిదు రోజులు ఆలస్యంగా వచ్చిందా అంది. డాక్టర్ చెప్పింది అన్నాను. ఏ డాక్టరు, పశువుల డాక్టరా అంది. ఫోన్ పెట్టేసింది. నాకు ఏడుపొచ్చింది.

3 ఆగస్టు, శనివారం

కెలెరా ఫొటో పంపింది. తన చేతికే వేసుకుంది. అచ్చులు నా వాటికంటే బాగున్నాయి. చూడు అత్తా, నీ శిష్యురాలు అని రాసింది.

ఫొటో పెద్దది చేసి చూశాను. గోరు చుట్టూ చర్మం మీద కూడా జెల్ మెరుస్తోంది.

తీసెయ్, ఇప్పుడే తీసెయ్ అని రాశాను. నవ్వు బొమ్మలు రెండు వచ్చాయి, తర్వాత ఒక పంది బొమ్మ. వదిన పక్కనే ఉందన్నమాట.

4 ఆగస్టు, ఆదివారం

నౌసోరి వెళ్ళాను. ఆరాధన అయ్యాక హాల్లో మెకె ప్రాక్టీసు. పద్నాలుగు మందీ చాప మీద వరసగా కూర్చుని ఉన్నారు. కెలెరా లేదు, పరీక్షకి చదువుకుంటోందట. నన్ను చూడగానే వదిన, ఇదిగో జ్వరం పంది యజమానురాలు వచ్చింది, మీ గోళ్ళు దాచుకోండే అంది. హాలంతా నవ్వు.

బొబ్బలు చూపించాను. ఒకామె పట్టి పట్టి చూసి, గిన్నెలు తోమితే నాకూ ఇలాగే అవుతుంది అంది. ఇంకొకామె, మీ ఆయన్ని తోమమను అంది. మళ్ళీ నవ్వు. నవ్వుతున్న వాళ్ళలో నలుగురికి అప్పటికే మాసి గోళ్ళున్నాయి.

నాకు ఇప్పుడు అర్థమైంది. వదినకి నేను ఎంత ఏడ్చి చెప్పినా అది మా ఇద్దరి మధ్య మాటే. మా ఇద్దరి మధ్య మాట ఎప్పుడూ వేళాకోళమే. ఆమె తప్పు కాదు. నలభై ఏళ్ళుగా అలా పెంచుకున్నాం.

6 ఆగస్టు, మంగళవారం

పర్మిషన్ అడిగి కాలేజీ గేటు దగ్గర నిలబడ్డాను. కెలెరా పది నిమిషాలు దొరికింది. చేతులు లాక్కుని చూశాను. శుభ్రంగా ఉన్నాయి. ఒక్కో వేలూ తిప్పి చూశాను. అత్తా, అందరూ చూస్తున్నారు అంది.

నమ్ముతోంది. నేను చెప్పింది వింటుంటే మొహం మారింది. మరి నువ్వే కదా మూడు నిమిషాలు చాలన్నావు, నేను నాలుగు పెడుతున్నాను అంది. ఆ మాట నన్ను ఎక్కడ పొడవాలో అక్కడ పొడిచింది. నేనే అన్నాను. తప్పు చెప్పాను అన్నాను.

తన గోళ్ళకి వేసింది ఆ రాత్రే తీసేసిందట, కాలేజీలో ఒప్పుకోరు కనక. కానీ మిగతా వాళ్ళకి వెయ్యడం మానలేనంది. అమ్మ పద్నాలుగు మందికి మాటిచ్చింది. నేను వెయ్యనంటే, నువ్వు పెట్టె వెనక్కి లాక్కున్నావనీ, నేను నీ వైపు మాట్లాడాననీ అవుతుంది. అమ్మ చేత వద్దనిపించు, ఆ నిమిషమే మానేస్తాను అంది. గంట కొట్టారు. పరిగెత్తింది.

పచ్చి జెల్ వేళ్ళకి తగలని రోజు లేదు ఆ పిల్లకి. తుడిచేది కూడా వేలితోనేనట. ఎవరు నేర్పారు? నేనే.

8 ఆగస్టు, గురువారం

అపిసాయికి చెప్పాను, ఒక్కటే దారి ఉందని. యంగోనా కట్ట, పెద్దల ముందు మర్యాదకి పెట్టే వేర్ల కట్ట, పట్టుకుని తలుపు దగ్గర కూర్చోవాలి. క్షమాపణకి వచ్చామని వదిన ఇంట్లోనే ఉంటున్న మేనత్తకి చెప్పాలి. యంగోనా ముందు ఎవరూ వేళాకోళం ఆడరు. లోసా వదిన కూడా.

 అపిసాయి, కట్ట పెట్టామంటే మన ఇల్లంతా తప్పు చేసినట్టు, నువ్వొక్కదానివే కాదు, మీ నాన్నతో సహా అన్నాడు. తెలుసు అన్నాను. తెలిసే ఇచ్చావని వాళ్ళ ముందు చెప్పాల్సి వస్తుంది, పళ్ళు తోమినట్టు సులువు కాదు అన్నాడు. తెలుసు అన్నాను. మీ వదిన ఇక నీతో నవ్వకపోవచ్చు అన్నాడు.

అది తెలియదు. ఆ మాటకి భయం వేసింది.

శనివారం డ్యూటీ మార్చుకుంటాను అన్నాడు.

10 ఆగస్టు, శనివారం, సాయంత్రం 6:00



మార్కెట్లో మంచి వేర్ల కట్ట తీసుకున్నాం. అపిసాయి ఇస్త్రీ సులూ కట్టాడు. ముందుగా కబురు పెట్టలేదు. వెళ్ళేసరికి కెలెరా వరండాలో ఒకామెకి గోళ్ళు వేస్తోంది. నా లాంపు నీలంగా వెలుగుతోంది. మేనత్త తరైవిని గోడకి ఆనుకుని కాళ్ళు చాపుకుని చూస్తోంది.

వదిన వంటింట్లోంచి వస్తూ, ఏమే ఈ వేషం, ఎవరికి సంబంధం తెచ్చారు, నాకైతే ఇంకొంచెం పడుచువాణ్ణి చూడాల్సింది అంది.  అపిసాయి తలుపు పక్కనే చాప అంచున కూర్చుని తల దించుకున్నాడు. నేనూ కూర్చున్నాను. కట్ట ముందు పెట్టాం. వదిన చూసింది. నవ్వు ఆగిపోయింది. ఆ నవ్వు మధ్యలో ఆగడం నేనెప్పుడూ చూడలేదు.

మేనత్త కాళ్ళు ముడుచుకుని నిటారుగా కూర్చుంది. అపిసాయి చెప్పాడు. అమ్మా, మా ఇంటి నుంచి ఈ ఇంటికి ఒక తప్పు వచ్చింది. అది వస్తువు రూపంలో వచ్చింది, మంచి గుడ్డలో చుట్టుకుని వచ్చింది. దాన్ని ఇక్కడ పూడ్చుకుందామని వచ్చాం, మమ్మల్ని తోసెయ్యకండి అన్నాడు. నా మొగుడికి అంత మాట వచ్చని నాకు తెలియదు. మేనత్త కట్టని చేత్తో తాకింది. పుచ్చుకున్నానన్న గుర్తుగా అరచేతులు గుల్లగా చేసి మూడుసార్లు కొట్టింది. చెప్పు అంది నాతో.

చెప్పాను. లాంపు సంగతి, డాక్టర్ సంగతి, కెలెరా చదువు సంగతి. చివరికి అదీ చెప్పాను. పెట్టె ఇచ్చిన రోజున నా వేలు పగిలి ఉంది వదినా. ఎందుకు పగిలిందో తెలియదు కానీ, దాని వల్లే కావచ్చని లోపల అనుకుంటూనే ఇచ్చాను. వేలు దాచుకుని ఇచ్చాను.

 గోళ్ళు వేయించుకుంటున్న ఆమె మెల్లగా లాంపు కింద నుంచి చెయ్యి తీసేసింది.

తెలిసే ఇచ్చావా ఉనైసీ, అంది వదిన. మరదలా అనలేదు. నా బిడ్డ చేతికి తెలిసే ఇచ్చావా. నీ ఇంట్లో నేను ఏదడిగినా ఇస్తావని తెలుసు. విషం అడిగినా ఇస్తావని తెలియదు. ఒక్క ముక్క, ఇవ్వను అంటే నేనేం చేసేదాన్నే? నవ్వేదాన్ని. అంతేగా. నవ్వితే చచ్చిపోతావా?

మా అమ్మని చూసి నవ్వారుగా, చచ్చిపోయాక కూడా, అన్నాను. నోరు జారింది. అది అనడానికి నేను వెళ్ళలేదు. కానీ అన్నాను. మనసులో ముప్ఫై మూడేళ్ళుగా ఉన్న మాట.

మేనత్త కళ్ళు మూసుకుంది. పంది అడిగింది ఆమే మరి. ఆ పెట్టె మూసెయ్యండి అంది. ఒక్కరి గోరు మీద కూడా ఆ రంగు ఉండకూడదు అంది. అని తన రెండు చేతులూ చాపింది. పది గోళ్ళకీ మాసి అచ్చులు. డెబ్బై రెండేళ్ళలో గోళ్ళకి రంగు వేసుకోవడం ఇదే మొదటిసారట. బాగున్నాయిరా, ఏం చేస్తాం, తీసెయ్యండి అంది.

నేను ముట్టుకోకూడదు, కెలెరా ముట్టుకోకూడదు. వదిన వంటింటి రబ్బరు గ్లవ్స్ వేసుకుని, అసిటోన్‌లో దూది ముంచి, రేకు చుట్టి, వాళ్ళమ్మ గోళ్ళు ఒక్కొక్కటే తీసింది. నేను పక్కన కూర్చుని ఎలా తియ్యాలో చెప్పాను. విన్నది. నా మొహం చూడలేదు.

12 ఆగస్టు, సోమవారం

పెట్టె క్లినిక్‌లో డాక్టర్ షరీన్‌కి ఇచ్చేశాను. ఈసారి అంతా చెప్పాను. కెలెరా పేరు వినగానే పెన్ను కింద పెట్టింది. ఎన్ని రోజులు వాడింది అని అడిగింది. రెండు వారాలు అన్నాను. వెంటనే బయటపడకపోవచ్చు, కొన్ని వారాలు చూడాలి, చిన్న దురద వచ్చినా ఆ రోజే నా దగ్గరికి రావాలి, దాచుకుని ఫిల్లింగు మందు ముట్టుకుంటూ పోతే ఇంకా ముదురుతుంది అంది. మాట తీసుకో ఆ పిల్ల దగ్గర అంది. తీసుకున్నాను.

లాంపుని మాత్రం అపిసాయి పట్టుకెళ్ళాడు. బస్సు వెనక చక్రం కింద పెట్టాడట.

16 ఆగస్టు, శుక్రవారం

కెలెరా వేళ్ళు బాగున్నాయి.

24 ఆగస్టు, శనివారం

చర్చి నూరేళ్ళు. పద్నాలుగు మందీ ఒట్టి గోళ్ళతో కూర్చున్నారు. ఇరవై ఎనిమిది చేతులూ ఒకేసారి లేచి, ఒకేసారి తిరిగాయి. ఎవరికీ ఏ లోటూ కనబడలేదు. నాకు మాత్రం ఆ గోళ్ళన్నీ ఏదో అంటున్నట్టే ఉంది.

వదిన మధ్యలో కూర్చుంది. అయిపోయాక ఎదురుపడింది. వచ్చారా, భోంచేసి వెళ్ళండి అంది. మీరు అంది నన్ను. అపిసాయి పళ్ళెంలో చేప పెట్టుకోబోతూ ఆగిపోయాడు. 

31 ఆగస్టు, శనివారం

కెలెరా వేళ్ళు బాగున్నాయి. నావి ఆరుతున్నాయి. చర్మం డాక్టర్ టెస్టు పెట్టాడు. వీపు మీద అంటించిన చీటీల్లో జెల్ మందుది ఎర్రగా పొంగింది. నా సంగతి ఖాయం.

5 సెప్టెంబరు, గురువారం

క్లినిక్ ఫోన్ మోగింది. ఎత్తి, బులా, ఎవరికి అపాయింట్‌మెంట్ అన్నాను. అంత పెద్ద నోటికి మీ దగ్గర సిమెంటు ఉందా అంది గొంతు.

నవ్వలేకపోయాను. ఏడ్చేశాను. ఏడవకే మరదలా, ఫోన్ తడిస్తే నీ డాక్టరమ్మ జీతంలో పట్టుకుంటుంది అంది. శనివారం చేమాకు తెస్తానంది. మీ అమ్మ గురించి ఇక ఎవరూ ఆ మాట అనరు, అమ్మ అందరికీ చెప్పింది అని కూడా అంది. ఆ ముక్క మాత్రం సూటిగా, గబగబా అనేసి పెట్టేసింది.

9 సెప్టెంబరు, సోమవారం, ఉదయం 7:40

క్లినిక్ తాళం తియ్యడానికి వచ్చేసరికి మెట్ల మీద కెలెరా. కుడి బొటనవేలు చూపించింది. కొసన మూడు చిన్న బొబ్బలు.

అత్తా, నాకొకటి కావాలి అంది. వాళ్ళమ్మ అడిగినట్టే అడిగింది, నా చేతి మీద చెయ్యి వేసి. నవంబరు ప్రాక్టికల్స్ అయ్యేదాకా నువ్వు నోరు విప్పకూడదు. అమ్మకి వద్దు, డాక్టర్‌కి వద్దు, కాలేజీకి వద్దు. ఇంకేమీ ఎప్పుడూ అడగను.

ఆ ఇంటి బిడ్డకి మా ఇంట్లో ఎవరూ అనని మాట.

ఇవ్వను అన్నాను.

చెయ్యి విదిలించుకుంది. నీ వల్లే కదా అంది. అవును అన్నాను. ఏడుస్తూ గేటు వైపు పరిగెత్తింది. ముందే వెళ్ళి అడ్డం నిలబడ్డాను. డాక్టర్ ఎనిమిదింటికి వస్తుంది. నిలబడే రాస్తున్నాను.